రాకెట్టుకు చప్పట్లు సరే, అది చూసిందేమిటి?

2024 జనవరి 1 ఉదయం 9 గంటల 10 నిమిషాలకు శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సి58 లేచింది. ముందు రాత్రి ఆర్కే బీచ్‌లో కొత్త సంవత్సరం గోల చేసొచ్చి విశాఖ అప్పుడప్పుడే కళ్ళు నులుముకుంటోంది. మా కాలేజీ స్టాఫ్ వాట్సాప్ గ్రూపు మాత్రం జెండాలతో, చప్పట్లతో నిండిపోయింది. "మన తెలుగు గడ్డ మీంచి!" అని ఒకాయన పెట్టారు. కింద వరసగా దండాలు. ఊరుకోలేక "ఇంతకీ అందులో ఏం పంపారండీ?" అని అడిగాను. గ్రూపు చల్లబడింది. చాలాసేపటికి కెమిస్ట్రీ మాస్టారు, "వాతావరణం శాటిలైట్ అనుకుంటా సార్" అన్నారు.

కాదు. అందులో వెళ్ళింది ఎక్స్‌పోశాట్. వెలుగును కూడా వదలని కృష్ణబిలాల (బ్లాక్ హోల్స్) దగ్గర, కూలిపోయిన నక్షత్రాల శేషాలైన న్యూట్రాన్ నక్షత్రాల దగ్గర పుట్టే ఎక్స్ కిరణాలు ఏ దిక్కుగా కంపిస్తున్నాయో కొలవడానికి వెళ్ళింది. ఈ పని కోసమే కట్టిన పెద్ద ఉపగ్రహాల్లో అమెరికా వాళ్ళ ఐఎక్స్‌పీఈ తర్వాత ఇదే.

మనకు పట్టిన జబ్బు ఇదేనని నా అభిప్రాయం. అంతరిక్షం అంటే రాకెట్టు, రాకెట్టు అంటే ఇస్రో, ఇస్రో అంటే ఉద్యోగం. అక్కడితో ఆకాశంతో మన పని అయిపోతుంది. చంద్రయాన్-3 దిగిన రోజు సాయంత్రం మా వీధిలో టపాసులు పేలాయి. నేనూ కాల్చాను, ఎందుకు కాల్చకూడదు! కానీ 2015 సెప్టెంబరు 28న ఇదే శ్రీహరికోట నుంచి వెళ్ళిన ఆస్ట్రోశాట్ పేరు చెబితే ఫిజిక్సు చెప్పేవాళ్ళలో కూడా సగం మంది మొహమొహాలు చూసుకుంటారు. 930 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఒక గెలాక్సీ నుంచి వచ్చిన అతినీలలోహిత కాంతిని పట్టుకున్నది ఆ ఉపగ్రహమే. 2020లో ఆ ఫలితం వచ్చినప్పుడు మన వీధుల్లో ఒక్క చిచ్చుబుడ్డీ వెలగలేదు. లేవడం పండగే, ఒప్పుకుంటాను. చూడటం ఎందుకు పండగ కాకుండా పోయిందన్నదే నా గొడవ.

ఎక్స్‌పోశాట్ పని అర్థం కావడానికి బీచ్ రోడ్డు చాలు. ఎండపూట పోలరాయిడ్ కళ్ళజోడు పెట్టుకుని సముద్రం వైపు చూడండి, నీటి మీద తళుకు తగ్గుతుంది. చూపు తిప్పకుండా తలను భుజం మీదికి వాల్చండి, తళుకు మళ్ళీ వచ్చేస్తుంది. నీటికి తగిలి తిరిగొచ్చిన వెలుగు ఎక్కువగా అడ్డంగా కంపిస్తుంది. కళ్ళజోడు నిటారుగా ఉన్నప్పుడు దాన్ని ఆపుతుంది, తల వంచితే ఆపలేదు. వెలుగు ఎంత వచ్చిందన్నది ఒక సమాచారం. ఎటు కంపిస్తూ వచ్చిందన్నది ఇంకో సమాచారం, దాన్ని బట్టి ఆ వెలుగు దేనికి తగిలి, ఏ వాలున వచ్చిందో ఆరా తీయవచ్చు.

కృష్ణబిలాల విషయంలో ఈ రెండో సమాచారానికి విలువ ఎక్కువ. పక్క నక్షత్రం నుంచి గుంజుకున్న వాయువు బిలం చుట్టూ తిరుగుతూ, రాసుకుంటూ లక్షల, కోట్ల డిగ్రీలకు వేడెక్కి ఎక్స్ కిరణాలు చిమ్ముతుంది. మన టెలిస్కోపుల్లో అదంతా కలిపి ఒక్క చుక్క. ఎంత పెద్దది చేసి చూసినా చుక్కే. ఆ వాయువు ఎటు వాలి తిరుగుతోందో చుక్క చెప్పదు, దాని కంపన దిశ చెబుతుంది. ఎక్స్‌పోశాట్‌లోని పోలిక్స్ అనే పరికరంలో మధ్యన బెరీలియం ఉంటుంది, చుట్టూ నాలుగు వైపులా డిటెక్టర్లు. వచ్చిన కిరణం బెరీలియానికి తగిలి చెదురుతుంది. ఏ వైపు ఎక్కువ చెదిరాయో లెక్కపెడితే కంపన దిశ తేలుతుంది. ఇంత చిన్న ఉపాయం మీద ఒక ఉపగ్రహం నడుస్తోంది. ఈ పరికరాన్ని తయారుచేసింది బెంగళూరులోని రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్.

ఆ రామన్ గారు నాలుగేళ్ళ పిల్లాడిగా 1892లో విశాఖ వచ్చారు. తండ్రి ఆర్. చంద్రశేఖర అయ్యర్ గారికి మిసెస్ ఏవీఎన్ కాలేజీలో లెక్కలు, భౌతికశాస్త్రం చెప్పే ఉద్యోగం వచ్చింది. పిల్లవాడు సెయింట్ అలోసియస్ బడిలో చదివాడు. ఇంతవరకు మా ఊళ్ళో చాలామందికి తెలుసు, ఏటా ఫిబ్రవరి 28న సైన్సు దినం ఉపన్యాసాల్లో వింటూనే ఉంటాం. ఆ కాలేజీ పేరులో ఉన్న మనిషి ఎవరో మాత్రం ఏ ఉపన్యాసంలోనూ నా చెవిన పడలేదు.

ఏవీఎన్ అంటే అంకితం వెంకట నరసింగరావు. నక్షత్రాలు చూసిన మనిషి.

కథ ఆయన మామగారితో మొదలవుతుంది. గొడే వెంకట జగ్గారావు విశాఖ జమీందారు. డబ్బున్నవాళ్ళు ఏనుగుల్ని, కచేరీలను పోషించే కాలంలో ఆయన మద్రాసు వెళ్ళి, అక్కడ ఆకాశాన్ని పరిశీలించే వేధశాల అధిపతి టి.జి. టేలర్ దగ్గర ఖగోళం నేర్చుకున్నారు. తిరిగొచ్చి 1840 ప్రాంతంలో డాబా గార్డెన్స్‌లో తన ఇంటి దగ్గరే వేధశాల కట్టుకున్నారు. నక్షత్రం నడినెత్తి రేఖను దాటే క్షణాన్ని పట్టుకుంటే ఊరి సరైన సమయం తెలుస్తుంది. ఆ సమయాన్ని ఆయన ఇంట్లో దాచుకోలేదు. డాల్ఫిన్స్ నోస్ కొండ మీద జెండా కొయ్య పాతించి, ఉదయం 9 గంటలకు జెండా సంకేతంతో ఊరికీ రేవులోని ఓడలకూ అందించే ఏర్పాటు చేశారు.

ఓడలకు అదెంత అవసరమో నేటి ఫోను చేతిలో ఉన్నవాళ్ళకు వెంటనే తోచదు. నడిసముద్రంలో రేఖాంశం తెలియాలంటే ఓడలోని గడియారం సరిగ్గా ఉండాలి. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి గడియారం 4 సెకన్లు తప్పితే ఓడ ఉన్న చోటు దాదాపు 2 కిలోమీటర్లు తప్పుతుంది. మన తీరంలో రాతి గుట్టకు, దాటిపోవడానికి మధ్య ఉన్న దూరం అంతే. కాబట్టి "ఖగోళశాస్త్రం దేనికి పనికొస్తుంది సార్?" అని అడిగే తల్లిదండ్రులకు ఒక జవాబు 1840ల నాటికే ఆ కొండ మీద ఎగిరింది. అయితే ఆ జవాబు మీద నాకు పెద్ద మోజు లేదు. ఎందుకో తర్వాత చెబుతాను.

1856లో జగ్గారావు పోయారు. అల్లుడు నరసింగరావు డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం వదులుకుని వేధశాల మీద కూర్చున్నారు. ఇప్పటి పెళ్ళి సంబంధాల మార్కెట్టులో ఆ వాక్యం చదివి చూడండి! ఆరు అంగుళాల టెలిస్కోపు తెప్పించారు. లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయన్ని ఫెలోగా చేర్చుకుంది. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా నడిచిపోతుంటే ఆయన విశాఖ నుంచి గమనించి రాసిన వివరాలు ఆ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి. అప్పటి ప్రపంచంలో సూర్యుడి దూరం కొలిచే పెద్ద పద్ధతి అదే. దేశదేశాల వాళ్ళు ఓడలెక్కి ఎక్కడెక్కడికో వెళ్ళి అదే రోజు అదే చూశారు. ఈయన తన పెరట్లోంచి చూశారు.

శుక్రుడి ఆ నడక జతగా వస్తుంది, తర్వాత శతాబ్దం దాటిపోతుంది. 1874, 1882 అయ్యాక మళ్ళీ 2004, 2012. ఇక 2117 దాకా లేదు. 2012 జూన్ 6 ఉదయం నేను అపార్ట్‌మెంట్ మేడ మీద బైనాక్యులర్‌కు ఒక కన్ను మూసేసి, రెండో వైపు నుంచి వచ్చే సూర్యబింబాన్ని తెల్ల అట్ట మీద పడేలా కుర్చీకి కట్టాను. అరచేతిలో పట్టేంత వెలుగు బిళ్ళ, దాని మీద ఒక పక్కగా నల్లటి చుక్క. నీళ్ళ ట్యాంకు చూడ్డానికి పైకొచ్చిన వాచ్‌మన్ వంగి, "ఏటి సార్, అట్ట మీద సిరా పడిపోనాది?" అంటూ బొటనవేలితో తుడిచాడు. చుక్క పోలేదు, అతని గోరు మీదికి ఎక్కింది. అతను చెయ్యి తీశాడు, మళ్ళీ పెట్టాడు, మళ్ళీ తీశాడు. "ఇది శుక్రుడయ్యా, ఇప్పుడు సూర్యుడికీ మనకీ మధ్యలో ఉన్నాడు" అన్నాను. "మరి సూరీడు కంటే అంత సిన్నదా సార్?" అని అడిగాడు. ఆ ఏడాది నా క్లాసుల్లో ఎవరూ అడగని మంచి ప్రశ్న అది.

ఎందుకంటే ఆ "ఎంత చిన్నది" అన్న లెక్క మీదే ఇవాళ కొత్త గ్రహాల వేట నడుస్తోంది. ఆ ఉదయం శుక్రుడు సూర్యుడి వెలుగులో దాదాపు వెయ్యోవంతు ఆపాడు. దూరపు నక్షత్రం ముందు గ్రహం అడ్డం వస్తే దాని వెలుగు ఇలాగే కాస్త పడుతుంది. గురుడంత గ్రహమైతే నూటికి ఒకటి, మన భూమంతదైతే పదివేలకు ఒకటి కూడా ఉండదు. 2009లో ఎగిరిన కెప్లర్ టెలిస్కోపు ఏళ్ళ తరబడి లక్షకు పైగా నక్షత్రాల మీద కళ్ళార్పకుండా ఈ తగ్గుదల కోసం కాచుకుంది. దాని సమాచారంలోంచి 2,600కు పైగా గ్రహాలు తేలాయి. మొత్తం మీద ఇప్పటికి తెలిసిన పరాయి గ్రహాలు 6,000 దాటాయి. నరసింగరావు గారు సూర్యుడి దూరం కోసం చూసిన దృశ్యాన్నే వీళ్ళు తిరగేసి వాడుకుంటున్నారు.

ఇప్పుడు కాలేజీ దగ్గరికి వద్దాం. ఆ వంశం విరాళంతో పేరు పొందిన కాలేజీలో పాఠాలు చెప్పిన చంద్రశేఖర అయ్యర్ గారి పెద్దకొడుకు సుబ్రహ్మణ్య అయ్యర్, రెండో కొడుకు రామన్. పెద్దకొడుకు గారబ్బాయికి తాతగారి పేరే పెట్టారు. అతనే సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. 1930లో, పందొమ్మిదేళ్ళ వయసులో, బొంబాయి నుంచి ఇంగ్లండు వెళ్ళే ఓడలో ఆ కుర్రాడు ఒక లెక్క వేశాడు.

మండటానికి ఏమీ మిగలని నక్షత్రం కుంచించుకుపోతుంది. సూర్యుడంత బరువు, భూమంత పరిమాణం అయ్యాక ఆగుతుంది, దాన్నే శ్వేతకుబ్జం అంటాం. దాన్ని ఆపేది వేడి కాదు, ఎలక్ట్రాన్లు. ఒకే స్థితిలోకి రెండో ఎలక్ట్రాను రాలేదు. జనరల్ బోగీలో సీట్లు నిండాక ఎక్కినవాడు పై బెర్తుకు పాకాల్సిందే అన్నట్టు, కొత్తగా నొక్కబడే ప్రతి ఎలక్ట్రానూ ఇంకా ఎక్కువ శక్తి ఉన్న మెట్టుకు పోవాలి. ఆ వేగమే ఒత్తిడిగా మారి నక్షత్రాన్ని నిలబెడుతుంది. ఇంతవరకు చంద్రశేఖర్ కంటే ముందే తెలుసు. అతను అడిగింది ఒక్కటే: బరువు పెరిగేకొద్దీ ఆ ఎలక్ట్రాన్ల వేగం కాంతివేగం దగ్గరికి వస్తుంది కదా, దాన్ని దాటలేదు కదా, అప్పుడేమవుతుంది? ఒత్తిడి పెరుగుదల వెనకబడుతుంది, గురుత్వం వెనకబడదు. సూర్యుడి బరువుకు సుమారు 1.4 రెట్ల దగ్గర పోటీ ముగిసిపోతుంది. దాని మీద శ్వేతకుబ్జం నిలబడే వీల్లేదు. అక్కణ్ణుంచి దారి న్యూట్రాన్ నక్షత్రానికి, ఇంకా బరువుంటే కృష్ణబిలానికి.

1935 జనవరి 11న లండన్‌లో ఈ ఫలితం చదివితే ఆనాటి ఖగోళశాస్త్ర మహామహుడు ఎడింగ్టన్ లేచి నక్షత్రం అలా ప్రవర్తించకుండా ప్రకృతిలో ఏదో ఒక నియమం ఉండి తీరాలని కొట్టిపారేశాడు. హాలు నవ్వింది. ఆ హాలు ఎవరిది? రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీది, అరవై ఏళ్ళ కింద డాబా గార్డెన్స్ పెద్దమనిషి రాత అచ్చేసిన సొసైటీది. చంద్రశేఖర్‌కు నోబెల్ 1983లో వచ్చింది. తాతగారి ఉద్యోగానికీ మనవడి లెక్కకూ ముడిపెట్టి "అంతా విశాఖ మహిమ" అనే పని మాత్రం నేను చెయ్యను. ఆ రకం గొప్పలకు వాట్సాప్ చాలు. నేను చెప్పేది వేరు. మన ఊళ్ళో ఒక కుటుంబం ఆకాశం చూసింది, చదువుకు డబ్బు పెట్టింది, ఆ చదువు చెప్పడానికి ఒక మేష్టారు వచ్చాడు. చూడటానికి విలువ ఇచ్చిన ఊరికి అలాంటి ఇళ్ళు వచ్చి చేరతాయి. ఇప్పుడు మన ఊరు దేనికి విలువ ఇస్తోందో ద్వారకానగర్ హోర్డింగుల మీద ర్యాంకుల ఫొటోలు చూస్తే తెలుస్తుంది.

చంద్రశేఖర్ పరిమితి ఎక్కడో ఆకాశంలో జరిగే వ్యవహారం అనుకునేవాళ్ళు గాజువాక వైపు చూడాలి. పక్క నక్షత్రం పదార్థం పైన పడో, మరో శ్వేతకుబ్జంతో కలిసిపోయో శ్వేతకుబ్జం బరువు పెరిగి ఆ హద్దు దగ్గరికి వస్తే లోపలి కార్బన్ ఒక్కసారిగా అంటుకుంటుంది. హద్దుకు ఇంకా దూరంగా ఉండగానే పేలేవీ ఉన్నాయని కొందరు వాదిస్తారు, ఆ చర్చ నడుస్తోంది. ఎలా పేలినా నక్షత్రం మిగలదు. సూర్యుడి బరువులో దాదాపు 0.6 వంతు నికెల్-56 తయారవుతుంది. దానికి 6 రోజుల అర్ధాయువు, కోబాల్ట్-56 అవుతుంది. దానికి 77 రోజులు, అది ఇనుము అవుతుంది. ఒక్క పేలుడుకు రెండు లక్షల భూగోళాల బరువున్న ఇనుము! విశ్వంలో ఉన్న ఇనుములో సగం, బహుశా అంతకు మించి, ఇలా వచ్చిందే. బైలదిల్లా కొండల్లోంచి కిరండూల్ లైను మీద అరకు సొరంగాలు దాటుకుంటూ ఎర్రదుమ్ముతో దిగే ఆ ఖనిజం, స్టీల్‌ప్లాంటు కొలిమిలోకి వెళ్ళే ఆ ఖనిజం, మన సూర్యుడు పుట్టకముందు ఏవో నక్షత్రాలు పేలిన బూడిద. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అన్న నినాదం మీద మా ఊళ్ళో ప్రాణాలు పోయాయి, ఇప్పటికీ గొడవ నడుస్తోంది. ఆ ఉక్కులోని ఇనుము ఎక్కడిదో ఒక్క పాఠంగానైనా ఇక్కడి పిల్లలకు చెప్పకపోతే ఎలా?

భారీ నక్షత్రాలకు ఇదే ఇనుము యముడు. సూర్యుడికి ఇరవై రెట్లున్న నక్షత్రం హైడ్రోజన్‌ను దాదాపు కోటేళ్ళు మండిస్తుంది, కార్బన్‌ను కొన్ని వందల ఏళ్ళు, ఆక్సిజన్‌ను కొన్ని నెలలు. చివరి సిలికాన్ కొద్ది రోజుల్లో అయిపోతుంది. మిగిలిన ఇనుమును కలిపినా శక్తి రాదు. నడిమి గర్భం ఒక సెకను తిరక్కముందే కూలిపోతుంది. పైపొరలు సూపర్‌నోవాగా చిమ్ముకుపోతాయి. 1987 ఫిబ్రవరి 23న పక్క గెలాక్సీలో అలా కూలిన ఒక నక్షత్రం చిమ్మిన న్యూట్రినోలనే సూక్ష్మకణాలు, వెలుగు కంటే కొన్ని గంటల ముందే, జపాన్ గనిలోని నీళ్ళతొట్టెలో పదకొండు మెరుపులుగా కనిపించాయి.

ఇదంతా మా సిలబస్‌లో లేదా అంటే, ఉంది. తలుపు దగ్గర దాకా ఉంది. ఇంటర్ మొదటి సంవత్సరం గురుత్వాకర్షణలో పలాయన వేగం చెబుతాం. భూమికి సెకనుకు 11.2 కిలోమీటర్లు. ఆ సూత్రంలోనే వేగం స్థానంలో కాంతివేగం పెట్టి వ్యాసార్ధం తీయండని బోర్డు మీద రాస్తాను. భూమికి 9 మిల్లీమీటర్లు వస్తుంది, సూర్యుడికి దాదాపు 3 కిలోమీటర్లు. న్యూటన్ సూత్రంతో ఆ లెక్క చేయడం న్యాయం కాదు, ఐన్‌స్టీన్ దారిలో వెళ్ళినా అదే జవాబు రావడం అదృష్టం. ఆ మాట కూడా చెబుతాను. భూమి మొత్తాన్ని గోళీకాయంత చేస్తే కృష్ణబిలం అని చెప్పాక క్లాసులో ఒక క్షణం కదలిక వస్తుంది. వెనక బెంచీ నుంచి ఒకడు చెయ్యెత్తుతాడు. ఆశగా చూస్తాను. "సార్, ఇది మెయిన్స్‌లో వస్తుందా?"

వాడి తప్పు లేదు. వాడి నాన్న కట్టిన ఫీజు ఆ ప్రశ్న అడిగిస్తుంది. తప్పు మాది, ఆ ప్రశ్నకు "రాదు, తర్వాతి పేజీ" అని జవాబిచ్చే అలవాటు మాది.

ఇంకో వైపు నుంచి వచ్చే ఎదురుదెబ్బ ఉంది. "ఇవన్నీ మనవాళ్ళకు ఎప్పుడో తెలుసండీ" అనే వర్గం. మనవాళ్ళు ఆకాశం చూశారు, నిజం. కార్తెల లెక్క అందుకు సాక్ష్యం. "ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదు" అన్న రైతు మాట వెనక సూర్యుడు ఏ నక్షత్రం దగ్గరున్నాడో తెలిసిన బుద్ధి ఉంది. తమాషా ఏమిటంటే ఆరుద్ర కార్తెలో ఆరుద్ర కనిపించదు, సూర్యుడి వెలుగులో మునిగి ఉంటుంది. కనిపించని రోజుల్ని లెక్కకట్టాలంటే కనిపించిన రోజుల్లో ఎంత జాగ్రత్తగా చూసి ఉండాలి! ఆ జాగ్రత్త మనకిప్పుడు ఏది? 2020 ఫిబ్రవరి నాటికి అదే ఆరుద్ర తన మామూలు వెలుగులో మూడోవంతుకు పడిపోయింది. మేడెక్కి పక్కనున్న రోహిణితో పోల్చితే మామూలు కంటికే తెలిసేది. టీవీల్లో పేలిపోతుందన్నారు, ఆ నక్షత్రంలో పుట్టినవాళ్ళు ఏ శాంతి చేయించుకోవాలో చెప్పారు. నక్షత్రం కక్కిన వాయువు చల్లబడి ధూళై మనకు అడ్డం వచ్చిందని తర్వాత తేలింది. పేలుతుంది, ఖాయమే. లక్ష ఏళ్ళలోపు ఎప్పుడైనా. తాతలు చూశారని చెప్పుకుంటూ మేడ మెట్లెక్కనివాళ్ళతో నాకు వాదన లేదు, చిరాకు ఉంది.

అసలైన అభ్యంతరం డబ్బు. దాన్ని నేను తీసిపారెయ్యను. కృష్ణబిలాల ఢీకొనడాలు వినడానికి మహారాష్ట్రలోని హింగోలి దగ్గర కడుతున్న లైగో-ఇండియాకు 2023లో కేంద్ర మంత్రివర్గం 2,600 కోట్లు ఒప్పుకుంది. మా ఊరి పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో మంచానికి ఇద్దరు పడుకుని ఉంటే ఇది న్యాయమా అని అడిగేవాళ్ళది దుర్బుద్ధి కాదు. ఇక్కడ చాలామంది ఉపయోగాల చిట్టా విప్పుతారు. 1868 ఆగస్టు 18 సంపూర్ణ గ్రహణాన్ని గుంటూరులో చూసిన ఫ్రెంచివాడు జాన్సెన్, సూర్యజ్వాలల కాంతిరేఖల్ని గ్రహణం లేకపోయినా చూడొచ్చని కనిపెట్టాడు. ఆ పరిశీలనల్లోంచే హీలియం బయటపడింది, ఆ హీలియమే ఇవాళ ఆస్పత్రుల ఎమ్మారైని చల్లగా ఉంచుతోంది, చూశారా అంటారు. నిజమే. కానీ జాన్సెన్ ఎమ్మారై కోసం గుంటూరు రాలేదు. జగ్గారావు జెండా మీద నాకు మోజు లేదన్నది అందుకే. ఉపయోగం చూపించి నిలబెట్టిన చదువు, ఉపయోగం కనిపించని రోజున పడిపోతుంది. ఎక్స్‌పోశాట్ ఖర్చు సుమారు 250 కోట్లంటారు, మన పెద్ద హీరో సినిమాకు అంతకన్నా ఎక్కువే అవుతోంది. సినిమా దేనికి పనికొస్తుందని ఎవరం అడగం. అడగక్కర్లేదు కూడా. కురుపాం మార్కెట్‌లో బంగారం కొనేవాళ్ళకు, అందులో చాలా భాగం న్యూట్రాన్ నక్షత్రాలు గుద్దుకున్నప్పుడో అలాంటి ఉత్పాతాల్లోనో పుట్టిందని 2017 ఆగస్టు 17న 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరం నుంచి వచ్చిన సంకేతం తర్వాత గట్టిగా చెప్పగలుగుతున్నాం. దానివల్ల తులం ధర తగ్గదు. అయినా తెలియడం మేలు.

చివరి సాకు ఆకాశం. విశాఖ ఆకాశం పనికిరాదంటారు, అది పూర్తిగా నిజం. పోర్టు దీపాలు, రిఫైనరీ మంట, బీచ్ రోడ్డు హైమాస్టులు, ఏడాది పొడుగునా సముద్రపు తేమ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి ఊరంతా కరెంటు పోయాక, మబ్బు విడిచిన రాత్రుల్లో చంద్రుడు ఇంకా రాకముందు నైరుతి వైపు పాలపుంత కనిపించింది. పక్కింటి పిన్నిగారు దాన్ని తుపాను తాలూకు మబ్బు అనుకున్నారు. ఆ దిక్కునే 26 వేల కాంతి సంవత్సరాల అవతల 40 లక్షల సూర్యుల బరువున్న కృష్ణబిలం ఉంది. 2022 మే 12న దాని చిత్రం విడుదలైంది. మా ఊరికి ఆ ఆకాశం కావాలంటే తుపాను రావాలి. కాబట్టి ఇక్కడ పెద్ద టెలిస్కోపు కట్టమని నేను అడగను, అది లద్దాఖ్‌లోని హాన్లేలోనో, ఉత్తరాఖండ్‌లోని దేవస్థల్‌లోనో ఉండటమే సబబు.

అయితే ఇప్పుడు ఈ పని చేసేవాళ్ళలో ఎక్కువమంది రాత్రిళ్ళు కొండల మీద ఉండరు, పగలు కంప్యూటర్ల ముందు ఉంటారు. గయా ఉపగ్రహం 180 కోట్ల నక్షత్రాల వివరాలు కొలిచి లోకానికంతా ఉచితంగా పెట్టింది. శ్రవణం వెలిగే గరుడ రాశిలోనే, సూర్యుడికి 33 రెట్ల కృష్ణబిలం నిశ్శబ్దంగా ఒక నక్షత్రాన్ని తిప్పుకుంటోందని 2024లో బయటపడింది ఆ అంకెల్లోంచే. కెప్లర్ సమాచారం ఉచితం. ఆస్ట్రోశాట్ సమాచారం కూడా నిర్ణీత గడువు తర్వాత ఎవరైనా దించుకోవచ్చు. నరసింగరావు గారు ఉద్యోగం మానేసి, టెలిస్కోపు ఓడలో తెప్పించుకుని చూసినదానికి వెయ్యి రెట్లు పెదగంట్యాడలో ఇంటర్నెట్టున్న పిల్లకు అందుబాటులో ఉంది. విద్యలూ ఇక్కడ ఉన్నవే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో స్వామి జ్ఞానానంద న్యూక్లియర్ ఫిజిక్సు విభాగం పెట్టారు, రంగధామరావు గారు వెలుగును రంగులుగా విడదీసి చదివే స్పెక్ట్రోస్కోపీని నిలబెట్టారు. నక్షత్రం లోపల జరిగేది మొదటిది, బయటికి కనిపించేది రెండోది. లేనిదల్లా, రెంటినీ కలిపి ఒక పదహారేళ్ళ పిల్ల ముందు పెట్టే గంట సమయం.

మా కాలేజీలో సెకండియర్ అమ్మాయి ఒకతె మొన్న వేసవిలో కెప్లర్ అంకెలు కొన్ని దించుకుని, యూట్యూబులో పైథాన్ నేర్చుకుని, ఒక నక్షత్రం వెలుగు గ్రాఫు గీసి తెచ్చింది. గీత మీద మూడున్నర రోజులకోసారి ఒకే లోతు గుంట. ఎప్పుడో కనిపెట్టేసిన గ్రహమే. కానీ దాని వ్యాసార్ధం ఎంతుండాలో ఆ గుంట లోతును బట్టి తనే లెక్కకట్టింది, జవాబు దాదాపు సరిపోయింది. కాగితం మూలన, భూమైతే గుంట ఎంత ఉండేదో చిన్న అక్షరాలతో రాసుకుంది, పక్కన "కనబడదు" అని. వాళ్ళ నాన్నగారు పేరెంట్స్ మీటింగులో నన్ను పక్కకు పిలిచి, "దీనికి ఇస్రోలో ఉద్యోగం వస్తుందా మాస్టారూ?" అని అడిగారు. "రావచ్చు, రాకపోవచ్చు. ఈ పని మాత్రం దానికి వచ్చేసిందండీ" అన్నాను. ఆయనకు అది జవాబులా అనిపించలేదని మొహం చూస్తే తెలుస్తోంది.

యాజమాన్యాన్ని నేను అడిగింది పెద్దదేం కాదు. ఆన్‌లైన్ పరీక్షల కోసం కొన్న కంప్యూటర్లు శనివారం మధ్యాహ్నాలు ఖాళీగా ఉంటున్నాయి, ఆ గదిని ఇష్టమున్న పిల్లలకు ఒక గంట ఇవ్వమన్నాను. మార్కులు, సర్టిఫికెట్లు ఏమీ వద్దన్నాను. "కరెంటు బిల్లు, ఇన్‌చార్జి ఎవరు, పేరెంట్స్ ఏమంటారు" అని మూడు ప్రశ్నలు వచ్చాయి. ఇన్‌చార్జి నేనే అన్నాను. మిగతా రెండూ అడ్మిషన్ల సీజను అయ్యాక మాట్లాడదామన్నారు. సీజను జూలైలో అయిపోతుంది.